ఇష్టపడే వెళ్లింది

"ఈ పిల్ల ఇష్టపడి వెళ్లడమే నాకు మింగుడుపడటం లేదండీ," అంది ఎడిటరు, ప్రూఫుల కట్టను బల్ల మీద ముందుకు జరుపుతూ.

రచయిత్రి కళ్లజోడు తీసింది. గోడ అవతల ప్రెస్సు మిషను ఇంకెవరిదో పుస్తకాన్ని దడదడమని అచ్చు వేస్తోంది.

"గ్రీకుల పాత కథలో ఏముంది? పూలు కోసుకుంటున్న పిల్లను పాతాళపు రాజు ఎత్తుకుపోయి పెళ్లాడతాడు. నీకిష్టమేనా అని దాన్ని అడిగిన పాపాన పోలేదెవరూ. నేను దానికి నోరిచ్చాను. నా నవల్లో అది తనంతట తానే రథమెక్కుతుంది."

"నోరిచ్చారు సరే. ఆ నోటితో రాజు మాటలే పలికించినట్టుందండీ."

రచయిత్రి ముఖం కందగడ్డయింది. "ఆడపిల్ల తన ఇష్టం తాను చూసుకుంటే నీకూ కష్టమేనా? ముసలాళ్లన్నారంటే సరే అనుకోవచ్చు."

"అది కాదండీ. పాత కథలో తల్లి పైర్లకు దేవత. తిండీ నిద్రా మానేసి కూతురి కోసం లోకమంతా తిరుగుతుంది. ఆమె దుఃఖానికి నేల మీద గడ్డిపోచైనా మొలవదు. ఆ అధ్యాయమే తీసేశారు మీరు."

"ఇష్టపడి వెళ్లిన పిల్లను వెతకడమేమిటమ్మా? వెతకడమంటే దాన్ని నమ్మకపోవడమే. తల్లి అయినవాళ్లు గుండె రాయి చేసుకుని ఊరుకోవాలి. నేను ఊరుకోలేదూ?"

అనేశాక గాని ఏమన్నదో ఆమెకే తెలియలేదు.

ఎడిటరు గొంతు తగ్గించింది. "మీ అమ్మాయా?"

"చెప్పాపెట్టకుండా ఒకడితో వెళ్లిపోయింది. లేచిపోయిందన్నారు, ఇంకా నానా మాటలూ అన్నారు. అందరి నోళ్లూ మూయించాను. ఇష్టపడే వెళ్లింది, పెళ్లి చేసుకుంది, సుఖంగా ఉంది. తల్లికి అంతకంటే ఏం కావాలి?"

"సుఖంగా ఉన్నానని మీతో తనే చెప్పిందా?"

రచయిత్రి కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఎదురుగా ఉన్న కట్టను ఎవరిదో అన్నట్టు చూసింది. చేతిసంచి భుజాన వేసుకుని లేచింది.

"ఎక్కడికండీ? రేపు అచ్చుకి వెళ్లాలి!"

"ఆపెయ్యమ్మా. మా అమ్మాయిని వెతకాలి." గుమ్మంలో ఆమె చెయ్యి తలుపును గట్టిగా పట్టుకుంది. "దాని ఫోను ఎప్పుడూ అల్లుడే ఎత్తుతాడు."