ఇద్దరికీ నచ్చిన పెద్దమనిషి

“పోనీ, జయరావు గారు?” అడిగాడు ఖాజావలి.

“ఆయనా? మొన్నేగా మార్కు ఇంట్లో కోడికూర తినొచ్చాడు. నాకొద్దు,” అన్నాడు జక్రయ్య.

“అయితే క్రీస్తుదాసు?”

“జక్రయ్య కల్లంలో వాడికి వాటా ఉంది. నేనొప్పుకోను,” అన్నాడు మార్కు.

“మీ మొహాలే ఎరగని మనిషిని మార్టూరు నుంచి తెద్దామంట్రా?”

“ఎవడో తెలియనోడి మాట మేమెందుకు వింటాం?”

ఖాజావలి ఊరి వడ్రంగి. పొద్దుట్నుంచీ చెక్కపని చేసి వచ్చాడు. చొక్కా మీద రంపపు పొట్టు ఇంకా దులుపుకోలేదు.

జక్రయ్య మిరప చేనుకీ, మార్కు పత్తి చేనుకీ మధ్య ఒక బండిదారి ఉంది. అది నాదంటే నాదని ఈ అన్నదమ్ముల బిడ్డలు ఎనభై రెండో సంవత్సరం నుంచి ఒంగోలు కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. ఇద్దరూ ఒప్పుకునే పెద్దమనిషిని చూసుకోండని జడ్జిగారు కూడా విసుక్కున్నాడు. ఈలోగా దారికి అడ్డంగా చెరొక కంప వేశారు. ముందు తీసినవాడి కేసు పోతుందని ప్లీడర్లు భయపెట్టారు. అందుకే ఈ రోజు ఊరు ఊరంతా దారి కోసం ఎండలో నిలబడినా ఇద్దరూ కదల్లేదు. కోర్టుకెళ్ళే రోజులాగా ఉతికిన తెల్లబట్టలు మాత్రం కట్టుకొచ్చారు.

“ఒరేయ్, ఎండ ముదురుతోంది. ఇంకాసేపైతే బాగోదు,” అన్నాడు ఖాజావలి. “పోనీ నేను చెప్పనా?”

“నువ్వు వాడి అరక బాగుచేశావుగా!” అన్నారిద్దరూ ఒక్కసారే.

గట్టు మీద కూర్చున్న పుల్లమ్మ తలెత్తింది. ఆమె మరియదాసు భార్య, వీళ్ళిద్దరికీ పిన్ని.

“మీ బాబాయిని ఒక్కసారన్నా అడిగారంట్రా?”

ఇద్దరికీ అక్షరాలు దిద్దించినవాడు మరియదాసు. ఆయన మాట ఏనాడూ కాదనలేదు.

“లేదు పిన్నీ,” జక్రయ్య నేలచూపులు చూశాడు. “అడిగితే వదిలెయ్యమంటాడని.”

“నేనూ అందుకే అడగలా,” అన్నాడు మార్కు.

ఆయన గుమ్మం ముందు నుంచే ఇన్నాళ్ళూ ఒంగోలు బస్సుకి పోయారు. ఒక్క వాయిదా రోజునైనా ఆగి ఆ గుమ్మం ఎక్కలేదు. అది గుర్తొచ్చి ఇద్దరికీ తలెత్తలేనంత సిగ్గేసింది.

“ఇప్పుడడగండి,” అంది పుల్లమ్మ.

ఇద్దరూ వంగి, ఎవరి కంప వాళ్ళు లాగేశారు. చేతులు గీరుకుపోయినా చూసుకోలేదు. వెనక్కి వచ్చి చెరోపక్కన భుజం పెట్టారు.

శవపెట్టెలో ఉన్నది మరియదాసే.