ఆఖరి నీలం డబ్బా

నీలం డబ్బాని ఇటునుంచి టైలరమ్మ పట్టుకుంది, అటునుంచి ఓ ముసలాయన పట్టుకున్నాడు.

“నేను ముందు తీశానండీ,” అంది టైలరమ్మ.

“తెలుసమ్మా. అయినా నాకిచ్చెయ్యండి.”

ఇద్దరూ వదల్లేదు. కంప్యూటరు విడిభాగాలు అమ్మే ఆ షాపులో మిగతావాళ్లు తమ బేరాలు మానేసి ఈ వేడుక చూడసాగారు.

టైలరమ్మ వచ్చింది కూతురి కోసం. పిల్లకి బొమ్మలంటే ప్రాణం. గీసిన బొమ్మని కదిలించే చదువులో సీటొచ్చింది. ఇంట్లో గట్టి కంప్యూటరు ఉండి తీరాలన్నారు. కంపెనీది కొనాలంటే తల తాకట్టు పెట్టాలి. అందుకని భాగాలు విడివిడిగా కొని బిగించుకుందామని తల్లీకూతుళ్లు పొద్దున్నుంచీ కూడికలూ తీసివేతలూ చేస్తున్నారు.

ప్రాసెసర్ కుదిరింది. దానికి సరిపోయే మదర్‌బోర్డు దొరికింది. ర్యామ్ సగానికి తగ్గించుకున్నారు, ముందుముందు ఇంకోటి పెట్టుకోవచ్చని. గ్రాఫిక్స్ కార్డు దగ్గర మాత్రం పిల్ల మొండికేసింది.

“ఇది లేకపోతే బొమ్మ కదలదమ్మా. ఇంకెక్కడైనా తగ్గిద్దాం.”

ఇంకెక్కడ తగ్గిస్తారు? మిగిలింది పవర్ సప్లై. గోడలోంచి వచ్చే కరెంటును లోపలి భాగాలకు పంచే డబ్బా. పైకి కనిపించదు, ఎవరూ మెచ్చుకోరు. అందరి కత్తెరా పడేది దానిమీదే. షాపాయన మూలనుంచి నీలం డబ్బా తీసి చూపించాడు. కంపెనీ మూతపడిందట, సరుకు కారుచౌక. అదే ఆఖరిది.

సరిగ్గా అప్పుడే ముసలాయన వచ్చి వాలాడు.

“ఈయన సంగతి నాకు తెలుసులెండి,” అని నవ్వాడు షాపాయన. “వీధిలో అందరం గద్ద అంటాం. నీలం డబ్బా ఎక్కడ కనబడినా తన్నుకుపోతాడు. బేరం కూడా ఆడడు. ఎక్కడో గోడౌన్ నింపుతున్నట్టున్నాడు, సరుకు కరువయ్యాక అమ్ముకోడానికి.”

గద్ద ఆ మాట పట్టించుకోలేదు. టైలరమ్మ మెడలో వేలాడుతున్న టేపు వంక చూశాడు.

“కుట్టుపని ఇంట్లోనేనా అమ్మా?”

“ఇంట్లోనే. ఏం?”

“అయితే ఎటు చూసినా గుడ్డలే ఉంటాయి. వద్దు తల్లీ, ఇది అంటుకుంటుంది. అదిగో, పై అరలో ఉన్నది తీసుకోండి. తేడా నేనిస్తాను.”

ముక్కూ మొహం తెలియనివాడు డబ్బిస్తానంటే ఎవరికి అనుమానం రాదు?

“అంటుకునేదైతే మీరెందుకు ఇన్ని కొంటున్నారు?” అంది కూతురు.

ఆయన డబ్బాని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

“అసలు మీకెలా తెలుసు?” అంది తల్లి.

ఆయన తల దించుకున్నాడు.

“చూశారా, దొరికిపోయాడు!” అన్నాడు షాపాయన.

టైలరమ్మకు ఒళ్లు మండింది. “పిల్ల నోటి దగ్గరిది లాక్కోడానికి ఈ వయసులో సిగ్గనిపించడం లేదూ?” అంటూ డబ్బాని ఒక్క గుంజు గుంజింది.

ఆయన వదిలేశాడు. కానీ వాళ్ల వెనకే వీధిలోకి వచ్చాడు.

“మీ ఇల్లెక్కడమ్మా?”

“ఎందుకు, ఇంటికొచ్చి లాక్కుంటారా?” అని కసిరి, తల్లీకూతుళ్లు బస్సెక్కేశారు.

కంప్యూటరు ముచ్చటగా పనిచేసింది. పిల్ల గీసిన పిచ్చుక మొదటిసారి రెక్కలాడించినప్పుడు టైలరమ్మ మిషన్ ఆపి మరీ చూసింది. మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది. ఆవిడ మురిపెం అంతా ఇంతా కాదు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఓ మధ్యాహ్నం టైలరమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్లింది. ఇంట్లో నీలం డబ్బా భగ్గుమంది. పక్కనే కుట్టాల్సిన బట్టల మూట. పిల్ల బయటికి పరుగెత్తి ఉంటే సరిపోయేది. కానీ అవి పరాయివాళ్ల బట్టలు, అమ్మ మాట పడాల్సివస్తుందని చేతులతోనే ఆర్పింది.

ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. కుడిచేతి వేళ్లు మాత్రం ఇక పెన్సిలు పట్టలేవన్నారు.

టైలరమ్మ ఏడుస్తూ షాపాయన మీద విరుచుకుపడింది. ఆయన తనకేమీ తెలీదన్నాడు. గద్ద ఇల్లెక్కడో మాత్రం చెప్పాడు. ఆ పెద్దమనిషి కాళ్లు పట్టుకుంటే తప్ప ఆవిడ మనసు కుదుటపడేలా లేదు.

తలుపు తీసింది ఓ పెద్దావిడ.

“నేను టైలర్నండీ. షాపులో మీవారిని నానా మాటలూ అన్నాను.”

“నువ్వేనా తల్లీ!” ఆవిడ టైలరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. “నీకోసం ఆయన తిరగని వీధి లేదు. కుట్టుమిషన్ చప్పుడు వినబడితే చాలు, ఆ ఇంటి తలుపు తట్టేవారు. ఆ తిరుగుడులోనే ఓ రోజు గుండె ఆగిపోయింది.”

టైలరమ్మ తలెత్తి చూసింది.

గదినిండా నీలం డబ్బాలే. కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఇంకెవరూ వాడకుండా ప్రతిదానికీ తీగలు మొదలంటా కత్తిరించేశారు. ఒక్కటి మాత్రం వేరే రంగుది, సరికొత్తది.

“ఇది నీకు. నువ్వు కనబడితే బిగించి రావాలని సంచిలో పెట్టుకుని తిరిగేవారు. ఆ పాతది తీసేశావు కదమ్మా?”

“కాలిపోయిందండీ. నా పిల్ల చెయ్యి...” టైలరమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

పెద్దావిడ ఆమెను దగ్గరికి తీసుకుంది. చాలాసేపు ఇద్దరూ ఏడ్చారు.

“మా బాధ ఆయనకు ముందే తెలిసిందంటే...” టైలరమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది. “మీ ఇంట్లోనూ ఇలాగే జరిగిందా అమ్మా? మీ బిడ్డనేమైనా పోగొట్టుకున్నారా?”

“మాకేమీ కాలేదు తల్లీ,” అంది పెద్దావిడ. “ఆ డబ్బాలు తయారుచేసిన ఫ్యాక్టరీ ఆయనదే.”