గోరింక పెద్దరికం

అడవి అంచున ఒక తుమ్మచెట్టు ఉండేది. పొద్దువాలగానే పిట్టలన్నీ అక్కడ చేరి, గింజలెక్కడున్నాయో, ఆపద ఎక్కడ పొంచి ఉందో ఒకదానికొకటి చెప్పుకునేవి. ఆ కూటాన్ని నడిపే పెద్దరికం కొత్తగా గోరింకకు దక్కింది. రోజురోజుకీ కొమ్మలు నిండుతుంటే దానికి పట్టలేని సంబరం.

కొమ్మలు నింపుతున్నది చిలుక. నత్తిగా మాట్లాడే పిచ్చుకను అది అచ్చం అలాగే వెక్కిరిస్తుంటే, నవ్వుకోవడానికి పక్క తోపుల పిట్టలు కూడా వచ్చేవి.

"అ... అక్కా, వాణ్ణి ఒక్క మాట అనవా?" అని అడిగింది పిచ్చుక.

"సరదాకి అంటాడులేవే! వాడి వల్లే కదా ఇంతమంది వస్తున్నారు!" అంది గోరింక.

ఒక ఉదయం జొన్నచేలో దిగిన గువ్వలు వలలో చిక్కాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

"ఆ వ... వలను నిన్ననే చూశానక్కా," అంది పిచ్చుక.

"మరి చెప్పలేదేమే?"

"చె... చెప్పబోయాను. చిలుక అందుకుంది. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు."



ఆ సాయంత్రం గువ్వల కొమ్మ బోసిగా ఉంది. అయినా పిచ్చుక నోరు విప్పగానే చిలుక వెక్కిరింపు మొదలుపెట్టింది.

"చాలు. ఇక్కణ్ణుంచి వెళ్లిపో," అంది గోరింక.

"నేను పోతే నా వెనక సగం చెట్టు వస్తుంది, తెలుసా?"

"రానీ."

అన్నట్టే సగం పిట్టలు లేచిపోయాయి.

"చెప్పమ్మా," అంది గోరింక. పిచ్చుక మాట పూర్తయ్యేదాకా ఎవరూ రెక్క కదపలేదు.