పుంజుగారి అనుమతి

ఒక పెరట్లో బావురుపిల్లి రెండు రోజుల్లో రెండు కోడిపిల్లల్ని ఎత్తుకుపోయింది. గుడ్డు పెట్టగానే పెట్టలు చేసే గోల వినే అది దారి కనుక్కుంటోందని పుంజు తేల్చింది. పెట్టలు అలా ఎందుకు అరుస్తాయో మా కాలేజీలో జంతుశాస్త్రం మేష్టారికీ తెలియదు, అది వేరే సంగతి.

"ఇకమీద నా అనుమతి లేకుండా ఎవరూ నోరెత్తకూడదు. అంతా మీ క్షేమం కోసమే" అంది పుంజు. భయం మీదున్న పెట్టలన్నీ సరేనన్నాయి.

మర్నాడు మధ్యాహ్నం గడ్డిమేటు పక్కన నల్లపెట్టకు బావురుపిల్లి తోక కనిపించింది. దాని పిల్లలు అక్కడే గింజలేరుకుంటున్నాయి. మేటు ముందు నిలబడ్డ పుంజు దగ్గరికి నల్లపెట్ట పరుగెత్తింది.

"మామా, అరవొచ్చా?"

"కారణం?"

"పిల్లి!"

"నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా?"

"నీ వెనకే ఉంది మామా!"

"ముందు గొంతు తగ్గించు" అంటూండగానే పిల్లి పుంజు మెడ పట్టుకుంది. నల్లపెట్ట ఇక ఆగలేక గొంతు చించుకుని అరిచింది. మిగతా పెట్టలూ అందుకున్నాయి. ఇంటావిడ చీపురుతో వచ్చేసరికి పిల్లి పుంజును వదిలేసి గోడ దూకింది.

పుంజు ఈకలు దులుపుకుంది. "చూశారా, సమయానికి అనుమతి ఇచ్చాను."

"ఎప్పుడిచ్చావు మామా? నీ మెడ దాని నోట్లో ఉందిగా!"

"మనసులో ఇచ్చానే" అంది పుంజు.