పొయ్యి పిడి

షుగరున్న ముసలాళ్ళకి కండ కరిగిపోయి చేతుల్లోంచి కాగే గిన్నెలు జారిపోతున్నాయని, ఇప్పుడు అన్ని పొయ్యిలకీ పిడి పెట్టారు. అరవై దాటినవాళ్ళు ఆ పిడిని గట్టిగా పిండితేనే మంట వస్తుంది. పోయినేడు నేను పిండితే, "బలం చాలదు, పక్కకు తప్పుకోండి" అంది పొయ్యి.

నా తోటికోడలు తాయారు చుట్టాలందరి ముందూ పకపకా నవ్వింది. "ఇక వంటిల్లు నాది. నువ్వు రోట్లో పచ్చళ్ళు నూరక్కా. మిక్సీ మోత నాకు పడదు" అంది.

ఏడాది పొడుగునా నూరాను. నూరిన ప్రతి గోంగూర ఆకులోనూ దాని మొహమే కనిపించింది. నూరీ నూరీ నా చేతులు రాటుదేలాయి.

నిన్నటితో తాయారుకి అరవై నిండాయి. దానికీ షుగరే. ఇవాళ అవే చుట్టాలు కాఫీకి కూర్చుంటే, పొయ్యి దాన్ని పక్కకు తప్పుకోమంది. నేను వెళ్ళి పిడి పిండాను. భగ్గున వెలిగింది.

తాయారు రోటి దగ్గర కూర్చుని పచ్చడిబండ అందుకుంది. "ఇకనుంచి నేను నూరతానక్కా. నాకూ కాస్త బలమొస్తుంది."

బండ దాని చేతిలోంచి మెల్లగా లాక్కున్నాను.

"నీకెందుకమ్మా శ్రమ? హాయిగా కూర్చో. నాకు మిక్సీ మోత పడుతుందిలే."