ఒక్కరోజు నెట్ బంద్

దవాఖాన మంచం మీద పడుకున్న బిడ్డ మొహానికి ఫోన్ పెట్టి, యాసిన్ మళ్లీ లైవ్ వీడియో మొదలుపెట్టాడు. భార్య మెహజబీన్ ఫోన్ గుంజుకుంది.

"ఇయ్యాల ఒక్కరోజు నెట్ బంద్ చెయ్."

"జ్వరమెట్లుందని అందరు అడుగుతుండ్రు. అచ్చంపేటంతా దువా చేస్తుంది."

"నువ్వొక్కసారన్న ఒళ్లు ముట్టి చూసినవా?"

ఆమె ఫోన్ ఆపి దిండు కింద పెట్టింది. యాసిన్ బిడ్డ నుదుటి మీద చెయ్యేశాడు. చల్లగా తగిలింది.

"తగ్గిందే! ఎప్పుడు?"

"పొద్దుగాలనే."

యాసిన్ గొంతు తగ్గించాడు. "తగ్గిందని రేపు చెప్దాం. ఇయ్యాల చానామంది చూస్తుండ్రు."

మెహజబీన్ బిడ్డను ఒళ్లోకి తీసుకుని, అతని చెయ్యి పడ్డ నుదుటిని కొంగుతో తుడిచింది.