ఎడమ చెంప

మల్‌సున్ జావ గిన్నెను విసురుగా పక్కకు తోసింది. సగం జావ నేల మీద ఒలికిపోయింది.

కోడలు సన్‌హ్వా గుడ్డ తెచ్చి తుడుస్తూ, ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట అనేసింది.

"పొద్దున మొక్‌పో బజారులో చేపలమ్ముతూ, కొనేవాళ్లందరితో పళ్లన్నీ కనబడేలా నవ్వారు అత్తయ్యా. ఇంటికొచ్చి నా మొహం చూస్తేనే మీకు ఆ నరం పోటు వస్తుందా?"

మల్‌సున్ ఎడమ చెంప కదలకుండా, నోటి కొసతో మాట్లాడింది.

"అక్కడా వస్తుందే. నవ్వినప్పుడల్లా దవడ నుంచి కంటిదాకా కరెంటు కొట్టినట్టుంటుంది. మొహం చిట్లించుకుని కూర్చుంటే కొనేవాళ్లు పక్క కొట్టుకి పోరూ?"

"అక్కడా వస్తుందని నాతో ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పాలన్నా నోరు కదపాలిగా."

సన్‌హ్వాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "పోనీ, నా దగ్గరైనా కాస్త మంచిగా ఉండొచ్చుగా."

"నీ ముందు కూడా నవ్వుతూ కూర్చుంటే, ఇంకెక్కడ ఏడవనే?"

ఆ మాటతో మల్‌సున్ కళ్లు నిండిపోయాయి. తుడవబోయిన సన్‌హ్వా, ఆ చెంప మీద వేలు పడితే ఏమవుతుందో తెలిసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కుడి పక్కకు వచ్చి ఆమెను ఆనుకుని కూర్చుంది.

ఊరుకోండి అని మాత్రం అనలేదు.